కూడికకు లొంగని కష్టం: ఆల్ప్స్ నడకదారుల గ్రేడుల గురించి

(ఆల్ప్స్ ప్రయాణానికి సిద్ధమవుతున్న బెంగళూరు తెలుగు నడక మిత్రుల సమావేశంలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఇంకా కాఫీ గ్లాసులు చేతిలో ఉన్నవాళ్ళు తొందరపడకండి, కూర్చుని తాగుతూనే వినండి.

నిన్న రాత్రి మన వాట్సాప్ గుంపులో ఒక చెల్లెమ్మ నన్ను అడిగారు: "అన్నయ్యగారూ, స్విట్జర్లాండ్‌లో ఐగర్ కొండ కింద ఆరు కిలోమీటర్ల దారి ఒకటి ఉందట కదా, అది ఈజీయా, మోడరేటా?" నేను జవాబు రాయలేదు. నిద్రపోయాననుకుని ఉంటారు. నిద్రపోలేదమ్మా. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. అందుకే ఇవాళ గంటసేపు మీ అందరి చెవులు అరువు తీసుకుంటున్నాను.

"మోడరేట్" అనే మాట మీద నాకు పాత కక్ష ఉంది. పెళ్ళిళ్ళ పేరయ్య "అబ్బాయి బుద్ధిమంతుడండీ" అన్నట్టుంటుంది అది. అబద్ధమని అనలేం. కానీ ఉద్యోగం ఏమిటి, జీతం ఎంత, కోపం వస్తే ఏం చేస్తాడు, ఇవేవీ అందులో లేవు. కొండదారికైనా అంతే. ఎంత పొడవు, ఎంత ఎత్తు ఎక్కాలి, కాలు పెట్టే చోటు ఎలాంటిది, ఈ మూడూ విడివిడిగా అడగాలి. మూడింటినీ కలిపి ఒక్క మాట చేసినవాడు మనకు సాయం చేసినట్టు కనిపిస్తాడు గానీ, మనకు కావలసింది దాచేశాడు.

మన తిరుపతి కొండనే తీసుకోండి. అలిపిరి నుంచి వెళితే దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు నుంచి వెళితే రెండు కిలోమీటర్ల పైచిలుకు, 2,388 మెట్లు. రెండింటిలో ఏది కష్టం? ఈ గదిలోనే సగం మంది ఒకటి అంటారు, మిగతా సగం రెండోది అంటారు. ఊపిరి చాలనివాళ్ళకు శ్రీవారి మెట్టు కష్టం, ఓపిక చాలనివాళ్ళకు అలిపిరి కష్టం. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మన పెద్దలు మాత్రం అలిపిరి దారిలో ఒక చోటికి "మోకాళ్ళ పర్వతం" అని పేరు పెట్టి ఊరుకున్నారు. అంతకంటే నిజాయితీగల గ్రేడు నేనింతవరకూ చూడలేదు. ఎక్కడ కష్టమో, ఏ అవయవానికి కష్టమో రెండూ చెప్పేసింది.

ఇక లెక్కలు. నేను ముప్పై ఏళ్ళు రోడ్లు వేసిన ఇంజనీరును, లెక్కలు లేకుండా మాట్లాడలేను, క్షమించాలి.

పొడవు సంగతి తేలిక, మ్యాపు మీద కొలుస్తాం. ఎక్కే ఎత్తు దగ్గరే చాలామంది పొరబడతారు. శిఖరం ఎత్తులోంచి బయలుదేరిన ఊరి ఎత్తు తీసేస్తే వచ్చేదే ఎక్కే ఎత్తు అనుకుంటారు. సర్వే పని చేసినవాళ్ళకు తెలుసు, లెవల్ బుక్కులో రైజు (ఎక్కింది) అని ఒక గడి, ఫాలు (దిగింది) అని ఒక గడి ఉంటాయి. రైజుల మొత్తంలోంచి ఫాలుల మొత్తం తీసేస్తే మొదటి, చివరి మట్టాల తేడా వస్తుంది. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి అది చాలు. కానీ నడిచేవాడి కాళ్ళు ఆ తీసివేత చేయవు. ఎక్కిందంతా ఒక ఖాతాలో, దిగిందంతా ఇంకో ఖాతాలో రాసుకుంటాయి.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మౌంట్ బ్లాంక్ ప్రదక్షిణ దారి. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా కొండ చుట్టూ తిరిగి వస్తుంది, దాదాపు 170 కిలోమీటర్లు. మన అరుణాచల గిరిప్రదక్షిణ లాగే కొండ ఎక్కం, చుట్టూ తిరుగుతాం. బయలుదేరిన చోటికే వస్తాం కాబట్టి మట్టాల తేడా సున్నా. దారిలో ఎక్కడా 2,700 మీటర్లు దాటం. అయినా ఎక్కిన ఎత్తులన్నీ కూడితే సుమారు 10,000 మీటర్లు! ఎవరెస్టు ఎత్తు 8,849. సముద్రపు ఒడ్డున నిలబడి ఎవరెస్టు చివర దాకా ఎక్కినా అంత ఎక్కం. సాధారణంగా పది, పదకొండు రోజుల్లో ముగిస్తారు. అంటే రోజుకు దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కడం, వెయ్యి మీటర్లు దిగడం.

చేతి గడియారం చూపించే ఎత్తును కూడా వేదవాక్కుగా తీసుకోకండి. కిందటిసారి ఒకే దారిలో ఒకే రోజు నడిచిన ఇద్దరు మిత్రులు నీ గడియారం తప్పంటే నీ గడియారం తప్పని వాదించుకున్నారు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళను ఒకటి లెక్కలోకి తీసుకుంటుంది, ఇంకొకటి వదిలేస్తుంది. అంతే తేడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పొడవును కూడవచ్చు. ఎక్కే ఎత్తును కూడవచ్చు. కష్టాన్ని కూడలేం, సగటు తీయలేం. మన పదో తరగతి పరీక్ష గుర్తు తెచ్చుకోండి. తెలుగులో 90, సాంఘికంలో 85, సైన్సులో 80 వచ్చాయి, లెక్కల్లో 34 వచ్చింది. మొత్తం చూస్తే బ్రహ్మాండం. ఫలితం? తప్పాడు. కొండదారి గ్రేడు సరిగ్గా ఇలాగే వేస్తారు. దారి మొత్తంలో అతి కష్టమైన చోటు ఏదో, దాని గ్రేడే మొత్తం దారి గ్రేడు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. కొన్నేళ్ళ కిందట నేను, మా ఆవిడ, మా బావమరిది ఆల్ప్స్‌లో ఒక లోయకు వెళ్ళాం. ఊరి పేరు చెప్పను, తప్పు ఊరిది కాదు. కేబుల్ కారు దిగిన చోట దారులు చూశాం. ఒకటి ఐదు కిలోమీటర్లే, ఎక్కేది 350 మీటర్లే. ఇంకొకటి తొమ్మిది కిలోమీటర్లు. పొట్టిదే పట్టాం. బోర్డు మీద తెలుపు, నీలం, తెలుపు చారలున్నాయి. మా బావమరిది అంతకు ముందు మంచు మీద జారే ఆట ఆడి వచ్చాడు. "నీలమంటే సులువు బావగారూ, నాకు తెలుసు" అన్నాడు. గంటసేపు హాయిగా నడిచాం. ఆవులు, గంటలు, పువ్వులు, ఫొటోలు. తర్వాత ఒక మలుపు తిరిగితే దారి లేదు. రాతిగోడకు ఇనుప గొలుసు కొట్టి ఉంది. పాదం పట్టేంత మెట్టు. ఎడమ పక్కన లోయ, అడుగున ఎక్కడో ఏరు. అలాంటి చోటు మహా అయితే ముప్పై అడుగులు ఉంటుంది. మా ఆవిడ అక్కడే రాయి మీద కూర్చుని "మీరు వెళ్ళి రండి, నేను ఇక్కడే కాపురం పెడతాను" అంది.

(నవ్వులు)

మేము అలా తర్జనభర్జన పడుతుంటే వెనక నుంచి డెబ్బై దాటిన ఒక పెద్దావిడ వచ్చింది. చేతికర్రలు మడిచి సంచికి తగిలించుకుంది. రెండు చేతులా గొలుసు పట్టుకుని, వంటింటి గడప దాటినంత సునాయాసంగా దాటేసింది. మేము వెనక్కి తిరిగాం. ఐదు కిలోమీటర్లలో ముప్పై అడుగులు. మిగతా దారంతా మా ఇంటి దగ్గరి పార్కులా ఉంది, ఒక్క సబ్జెక్టు పోయింది.

మా తప్పు ఎక్కడుందో సాయంత్రం తెలిసింది. స్విట్జర్లాండ్‌లో పసుపు బోర్డు మాత్రమే ఉంటే మామూలు నడకదారి. తెలుపు-ఎరుపు-తెలుపు ఉంటే కొండదారి. తెలుపు-నీలం-తెలుపు ఉంటే అన్నిటికంటే కఠినమైన ఆల్పైన్ దారి. సరిహద్దు దాటి ఆస్ట్రియా వెళితే నీలం సులువు, ఎరుపు మధ్యస్థం, నలుపు కఠినం, మంచుజారుడు వాలుల రంగుల్లాగే. నీలం ఒక దేశంలో అన్నిటికంటే సులువు, పక్క దేశంలో అన్నిటికంటే కఠినం! పైగా ఆస్ట్రియాలో రాళ్ళ మీద గుర్తుగా వేసే రంగులు వాళ్ళ జెండా రంగులే, ఎరుపు-తెలుపు-ఎరుపు. అవి దారి తప్పకుండా వేసినవి, కష్టం చెప్పడానికి కాదు. కష్టం బోర్డు మీది రంగుచుక్కలో చూసుకోవాలి. ఏ దేశంలో ఉన్నామో తెలియకుండా రంగును నమ్మకండి, మా బావమరిదిని అసలే నమ్మకండి.

గ్రేడుల్లో నాకు నచ్చింది స్విస్ ఆల్పైన్ క్లబ్ వాళ్ళది. ఆ క్లబ్బు 1863 నాటిది, ఈ నడక గ్రేడులు మాత్రం 2002లో వచ్చాయి. టీ1 నుంచి టీ6 దాకా ఆరు మెట్లు. టీ1 అంటే బాగా తీర్చిన దారి, మామూలు బూట్లు చాలు, మ్యాపు లేకపోయినా తప్పిపోం. టీ2లో దారి చివరి దాకా ఉంటుంది గానీ అక్కడక్కడ నిటారుగా ఉంటుంది, జారి పడే అవకాశాన్ని కొట్టిపారేయలేం. టీ3లో దారి అన్నిచోట్లా కనిపించకపోవచ్చు, నిలదొక్కుకోవడానికి చెయ్యి ఆనించాల్సి రావచ్చు, జారితే ఆగని చోట్లలో తాడో గొలుసో ఉండవచ్చు. టీ4 నుంచి ముందుకు సాగడానికే చేతులు కావాలి. టీ5, టీ6 గురించి ఈ సభలో మాట్లాడను. అవి నడక పేరుతో ఉన్న రాతి ఎక్కుడు. పసుపు దారి టీ1, ఎరుపుది టీ2, టీ3, నీలానిది టీ4 నుంచి ఆ పైన అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ ఆరు మెట్లలో పొడవు ఊసు ఎక్కడా లేదు, గమనించారా? ఎక్కే ఎత్తు ఊసు కూడా లేదు. ముప్పై కిలోమీటర్ల టీ1 ఉంటుంది, ఒక కిలోమీటరు టీ4 ఉంటుంది. కాలు పెట్టే చోటు గురించి మాత్రమే చెబుతానని గిరి గీసుకుని కూర్చుంది. అందుకే నాకు నచ్చింది.

ఇటలీ వాళ్ళది అక్షరాల పద్ధతి: టీ, ఈ, ఈఈ, ఈఈఏ. అక్కడ టీ అంటే పర్యాటకులకు, ఈ అంటే నడక అలవాటున్నవాళ్ళకు, ఈఈ అంటే అనుభవజ్ఞులకు, చివరిది నడుముకు బెల్టు, తలకు హెల్మెట్ కట్టుకుని ఇనుపతీగ పట్టుకుని వెళ్ళేది. స్విస్ టీ పక్కన అంకె ఉంటుంది, ఇటలీ టీ పక్కన ఉండదు. ఇటలీలోని డోలమైట్స్ కొండలకు వెళ్ళే బృందం ఇది రాసుకోండి.

జర్మన్ గైడు పుస్తకాల్లో ఇంకో రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి ట్రిట్‌జిఖర్‌హైట్. పలకడానికే ఊపిరి కావాలి. కాలు పెట్టిన చోట నిలవడం అని అర్థం. రెండోది ష్విండెల్‌ఫ్రై, లోయ చూస్తే కళ్ళు తిరగకపోవడం. దారి వివరంలో ఈ రెండు మాటలు ఉంటే కిలోమీటర్ల సంగతి తర్వాత చూడండి. మొదట ఇంట్లోవాళ్ళ ముఖాలు చూడండి.

ఇక సమయం. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒకే రోజు మూడు కొండలు తిరిగి వచ్చి లెక్క రాసుకున్నాడు. పది మైళ్ళు, 6,300 అడుగుల ఎక్కుడు, ఆరున్నర గంటలు. అందులోంచి సూత్రం తీశాడు: మూడు మైళ్ళకు ఒక గంట, ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకు ఇంకో గంట. నూట ముప్పై ఏళ్ళు దాటినా ఇంకా వాడుతున్నారు. కానీ ఒకటి చూడండి, దిగడానికి ఆయన విడిగా సమయమే ఇవ్వలేదు. మోకాళ్ళు బాగున్నవాడు రాసిన సూత్రం!

జర్మనీ వాళ్ళు నడకదారి బోర్డులకు ఒక ప్రమాణం పెట్టుకున్నారు, దాని నంబరు 33466. గంటకు 4 కిలోమీటర్ల నడక, లేదా 300 మీటర్ల ఎక్కుడు, లేదా 500 మీటర్ల దిగుడు. అడ్డంగా నడిచేదానికి ఒక సమయం, ఎక్కి దిగేదానికి ఒక సమయం వేయండి. రెండింటిలో పెద్దది పూర్తిగా, చిన్నది సగం తీసుకుని కూడండి. ఉదాహరణకు 12 కిలోమీటర్ల దారి, 900 మీటర్లు ఎక్కి అంతే దిగాలి. అడ్డంగా 3 గంటలు. ఎక్కడానికి 3, దిగడానికి 1.8, కలిపితే 4.8 గంటలు. పెద్దది 4.8, చిన్నదాంట్లో సగం 1.5. మొత్తం 6.3 గంటలు. ఇదే దారికి నైస్మిత్ లెక్క వేస్తే నాలుగు గంటలే. దారి అదే, కొండ అదే, రెండు గంటలకు పైగా తేడా! నా వయసువాళ్ళు జర్మనీ లెక్క పట్టుకోండి. స్విస్ బోర్డుల మీది సమయాలు చదును నేల మీద గంటకు 4.2 కిలోమీటర్ల నడకను ఆధారం చేసుకుని వేసినవి. వాటిలో విశ్రాంతి కలపలేదు. మన బృందం పులిహోర పొట్లాలు విప్పితే ముప్పావు గంట, అది కూడా కలుపుకోండి.

తొందరలో లెక్క కావాలంటే ఇంకో చిట్కా ఉంది. ప్రతి 100 మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరుగా లెక్కించి పొడవుకు కలపండి. మన కర్ణాటకలోని కుమార పర్వతం, కింద ఉన్న కుక్కే ఊరి నుంచి ఒక వైపు దాదాపు 13 కిలోమీటర్లు, పదిహేను వందల మీటర్లకు పైగా ఎక్కుడు. అంటే పైకి వెళ్ళడమే 28 కిలోమీటర్ల పని. కుమార పర్వతం చేసి వచ్చిన కాళ్ళకు ఆల్ప్స్ పొడవు, ఎత్తు భయం అక్కర్లేదు. ఇక్కడ కష్టానికి కొలత కావాలంటే బెంగళూరు దగ్గరి సావనదుర్గ కొండ చూడండి. ఎత్తు 1,226 మీటర్లే, ఒక పూట పని. కానీ అది బోడి నల్లరాయి, దారంటూ లేదు, రంగు గుర్తులు చూసుకుంటూ ఏటవాలు రాతి మీద నడవాలి. వాన పడితే సబ్బు రాసినట్టే. నా దృష్టిలో పొడి రోజున అక్కడ హాయిగా దిగగలిగినవాళ్ళు టీ2 గురించి దిగులు పడక్కర్లేదు, టీ3 గురించి ఆలోచించవచ్చు. ఎక్కగలిగినవాళ్ళు అనలేదు, దిగగలిగినవాళ్ళు అన్నాను.

దిగుడు గురించి ఇంకొక్క మాట. అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి సాధన చేస్తున్నామని చాలామంది చెబుతున్నారు, సంతోషం. అంతస్తుకు మూడు మీటర్లనుకుంటే 900 మీటర్లకు 300 అంతస్తులు. కానీ పైకి మెట్లు ఎక్కి కిందికి లిఫ్టులో దిగుతున్నారు. అక్కడికి వెళ్ళాక సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. కేబుల్ కారులో పైకి వెళ్ళి నడిచి దిగుతారు. సాధన ఒకటి, పరీక్ష ఇంకొకటి. ఈ నెల నుంచి దిగేటప్పుడు కూడా లిఫ్టు మానేయండి.

గ్రేడులో రానివి ఇంకా ఉన్నాయి. ఈ గ్రేడులన్నీ నేల పొడిగా, వాతావరణం బాగా ఉన్న రోజుకు వేసినవి. మన పిల్లలకు సెలవులు మే నెలలో. మే నెలలో అక్కడ రెండు వేల మీటర్ల పైన చాలా దారుల మీద ఇంకా మంచు ఉంటుంది, పై కొండల విశ్రాంతి గృహాలు చాలావరకు జూన్ మధ్య తర్వాతే తెరుస్తారు. మంచు కప్పిన టీ2 ఇక టీ2 కాదు. ఎత్తు సంగతి కూడా అంతే. స్విట్జర్లాండ్‌లోని గోర్నర్‌గ్రాట్ స్టేషను 3,089 మీటర్ల మీద ఉంది, రైలు నేరుగా తీసుకెళ్ళి దించేస్తుంది. బెంగళూరు 920 మీటర్లు. దిగగానే పరుగులు పెట్టకండి, దారి టీ1 అయినా ఊపిరి టీ1 కాదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(మా నాన్నగారికి డెబ్బై ఏళ్ళు, రోజూ లాల్‌బాగ్‌లో ఎనిమిది కిలోమీటర్లు నడుస్తారు, టీ2 దారికి తీసుకెళ్ళవచ్చా అని ఒకరు అడిగారు.)

పొడవు సబ్జెక్టులో నాన్నగారు ఇప్పటికే పాసయ్యారు బాబూ. ఒకసారి బెంగళూరు దగ్గరి నంది కొండ మెట్లదారిలో కిందికి తీసుకెళ్ళండి. ఆయన ఆయాసం చూడకండి, పాదాలు చూడండి. కళ్ళు పది అడుగుల ముందున్నాయా, పాదాల మీదే అతుక్కుపోయాయా చూడండి. ప్రతి మెట్టుకూ మీ భుజం వెతుక్కుంటుంటే పసుపు బోర్డు దారులకే పరిమితం చేయండి. ఆ దారులూ అందంగానే ఉంటాయి.

(ఫోను యాప్‌లో చూపించే గ్రేడును నమ్మవచ్చా అని ఇంకొకరు.)

ఎవరు వేశారో చూడండి. స్థానిక క్లబ్బు వేసిందైతే నమ్మండి. కిందటి వారం నడిచి వచ్చిన పాతికేళ్ళ కుర్రవాడు వేసిందైతే, అది దారి గ్రేడు కాదు, అతని గ్రేడు.

ఇక రాత్రి అడిగిన చెల్లెమ్మకు జవాబు. ఐగర్ దారి ఆరు కిలోమీటర్లు. ఐగర్‌గ్లెచర్ స్టేషను 2,320 మీటర్ల మీద ఉంది, ఆల్పిగ్లెన్ స్టేషను 1,615 మీద ఉంది. ఎక్కువమంది పైనుంచి కిందికి నడుస్తారు. దారి ఐగర్ ఉత్తరపు గోడ కిందే సాగుతుంది, తల ఎత్తితే గోడ తప్ప ఏమీ కనిపించదు. గుర్తు తెలుపు-ఎరుపు-తెలుపు. జూన్‌లో వెళితే మంచు మిగిలి ఉందేమో స్టేషనులో అడిగి బయలుదేరండి. రెండు స్టేషన్ల మట్టాల తేడా 705 మీటర్లు, మధ్యలో ఎగుడుదిగుళ్ళు వేరు. ఆ తేడా ఒక్కటే పట్టుకుంటే జర్మనీ లెక్కన దిగడానికి కనీసం రెండు గంటల పన్నెండు నిమిషాలు. తిరగేసి కింది నుంచి పైకి నడిస్తే కనీసం మూడు గంటల ఆరు నిమిషాలు. ఈజీయా మోడరేటా అని మళ్ళీ అడగకండి. మీకు ఊపిరి ముందు అలుస్తుందా, మోకాళ్ళు ముందు అలుస్తాయా, అది చెప్పండి.

("మోకాళ్ళేనండీ" అన్నారు ఆవిడ.)

అయితే ఆల్పిగ్లెన్‌లో రైలు దిగి పైకి నడవండి. అందరూ ఎదురొస్తుంటారు, కాస్త పక్కకు తప్పుకుని దారి ఇస్తూ వెళ్ళండి. తిరుగు టిక్కెట్టు మాత్రం పై స్టేషను నుంచి తీసుకోండి.